కారు తలుపు మీద అరచెయ్యి

మా పక్కింటి బాబాయి పోయాడు. ఆ సంగతి నాకు చెప్పింది పిన్ని. పొద్దున్నే స్కూలుకు టైమవుతోందని గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే ప్రహరీగోడ అవతలి నుంచి కేకేసింది. "టీచరమ్మా, మీ బాబాయి ఎంత లేపినా లేవటంలా. ఓసారి రా అమ్మా." ఒక కాలికి చెప్పుతోనే పరిగెత్తాను. ఆయన పక్కకు తిరిగి, కుడి అరచెయ్యి చెంప కింద పెట్టుకుని, అలిసి పడుకున్న మనిషిలాగే ఉన్నాడు. డాక్టరు వచ్చి చూసి, నిద్రలోనే పోయాడని చెప్పి వెళ్ళాడు. చెంప కింది చెయ్యి తీసి గుండెల మీద పెట్టింది నేనే. చల్లగా, బరువుగా ఉంది. ఉంగరం వేలికి చివరి కణుపు లేదు. కుర్రతనంలో ఎప్పుడో రేకు కోసుకుని తెగిపోయిందట.

మాకు రక్తసంబంధం ఏమీ లేదు. నరసరావుపేటలో మేం ఇల్లు కట్టుకునేనాటికే వాళ్ళు ఆ పక్కింట్లో ఉన్నారు, వరసలు మేమే కలుపుకున్నాం. ఆయనది టింకరింగు పని. గుద్దుకుని సొట్టలు పడ్డ కార్ల, జీపుల, లారీ క్యాబిన్ల రేకు సరిచేసి, తుప్పు గీకి, నునుపు తేల్చి రంగుకు సిద్ధం చేసేవాడు. సత్తెనపల్లి రోడ్డులో ముప్పై ఏళ్ళకు పైగా షెడ్డు నడిపాడు. క్వారీ లారీలు వరసగా నిలబడేవట. మూడేళ్ళ కిందట ఉన్నట్టుండి షెడ్డు మూసేసి, మిషన్లకు గాలి నింపి ఇచ్చే కంప్రెసరు ఒక్కటి ఇంటికి తెచ్చుకుని పెరట్లో రేకుల పంచన పెట్టుకున్నాడు. ఎందుకు మూశావు బాబాయ్ అంటే "బేరాలు పల్చబడినయ్ లేమ్మా" అన్నాడు. నేను లెక్కల టీచర్ని. ప్రతి లెక్కకీ స్టెప్పులు రాయమని పిల్లల ప్రాణం తీస్తాను. ఆ జవాబును మాత్రం స్టెప్పులు అడక్కుండా ఒప్పేసుకున్నాను.

ఆయన మహానుభావుడు అని రాయడానికి కూర్చోలేదు. అలా రాస్తే ఆయనే ముందు నవ్వుతాడు. ఆయన పోయి రెండు నెలలు కావస్తోంది. పోయాక, నా కారు తలుపు మీద ఆయన చెయ్యి బయటికొచ్చింది. నాకు భయమేసింది, ఏడుపొచ్చింది, ఏం చెయ్యాలో తోచలేదు. ఎవరికైనా చెప్పుకోకపోతే ఉండలేక రాస్తున్నాను.

ముందు ఆ కారు సంగతి చెప్పాలి. పోయిన వేసవిలో రిటైరైన ఒక హెడ్మాస్టరు గారి దగ్గర కొన్నాను. ఇంజను బంగారం, ఒళ్ళంతా తుప్పు. మా ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "తుప్పుకు టైర్లు తొడిగి నీకు అంటగట్టారు" అన్నాడు. బాడీ పని సంగతి అడుగుదామని ఒక షెడ్డుకు వెళితే అక్కడాయన నా మాట సగంలో ఆపి, "మేడం, సార్‌ని పంపండి, మేం మాట్లాడుకుంటాం" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కారు తిప్పుకుని ఇంటికొచ్చి, తాళాలు చేతిలో పట్టుకునే వెళ్ళి బాబాయి ముందు నిలబడ్డాను.

"నేనే చేస్తా బాబాయ్. నువ్వు పక్కన కూర్చుని చెప్పు, చాలు."

ఆయన అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటున్నాడు. ఒక్కో కాయనీ పళ్ళతో కొరికి పప్పు తీసుకుంటున్నాడు. చేతులుండగా పళ్ళెందుకని నాకు అప్పుడు తట్టలేదు.

"ఏందీ, నువ్వా?" అని ఎగాదిగా చూశాడు. "సుద్దముక్క పట్టుకునే చెయ్యి తల్లీ అది."

"సుద్దముక్కతోనే అరవై మంది పిల్లల్ని నోరెత్తకుండా కూర్చోబెడుతున్నా. రేకెంత?"

పెద్దగా నవ్వాడు. ఒళ్ళో పొట్టు దులుపుకుని లేచాడు. నా చదువు ఆ రోజే మొదలైంది.

మొదటి పాఠం నీళ్ళ గురించి. ఫోనులో వీడియోలు చూసి నేనప్పటికే బకెట్టు నిండా బోరు నీళ్ళు, ఇంత దళసరి గీకుడు కాగితం సిద్ధం చేసి పెట్టుకున్నాను. బాబాయి ఏమీ అనకుండా ఆ బకెట్టు ఎత్తి మల్లె పాదులో గుమ్మరించాడు.

"వాడెవడో నీళ్ళు పోసి రుద్దుతాడు. వాడి నీళ్ళు వేరు. మన పల్నాడు బోరు నీళ్ళు తాగితేనే పళ్ళు గారపడతయ్, రేకును వదులుద్దా? అందులో ఉప్పు పోయి రేకు మీద కూర్చుంటది. పైన రంగేస్తే కింద దాక్కుంటది. ఒక వానాకాలం పోనీ, పొక్కుద్ది చూడు."

అందుకే తన షెడ్డులో తడి పనే పెట్టలేదట. గాలితో తిరిగే మిషన్లతో పొడిగానే గీకించేవాడు. ఇంట్లో ఇనుము అరగదీసే కరెంటు గ్రైండరుంది కదా అన్నాను. దాని వేడికి పల్చటి రేకు ఉబ్బుతుందనీ, గాలి మిషను చల్లగా ఉంటుందనీ, మీట ఎంత నొక్కితే అంతే తిరుగుతుందనీ చెప్పాడు. తర్వాత చొక్కా జేబులోంచి మడత పెట్టిన గుడ్డముక్క తీశాడు. పిన్ని పాత వాయిలు చీరది. దాన్ని బానెట్టు మీద పరిచి, నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టాడు.

"ఉత్త రేకును ఉత్త చేత్తో ముట్టుకోమాక. చేతిలోనూ ఉప్పుంది. గుడ్డేసి తడుము. చర్మం అతుక్కోకుండా జారుద్ది, అప్పుడు గుంటేదో మిట్టేదో తెలుసుద్ది. కంటిని నమ్మమాక. చేతిని అడుగు."

అడిగాను. చెయ్యి నిజంగానే జవాబు చెప్పింది. కంటికి చదునుగా ఉన్న బానెట్టు మీద మూడు గుంటలున్నాయి. "ఏం చెప్పింది నీ చెయ్యి?" అని ఆయన అడుగుతూనే ఉన్నాడు, నేను చిన్నపిల్లలా లెక్కపెడుతూనే ఉన్నాను.

మిషను కొనడానికి ఇద్దరం విజయవాడ ఆటోనగర్ వెళ్ళాం. బస్సులో దారి పొడుగునా నేను రాసుకున్న మిషన్ల వేగాలూ వివరాలూ చదివి వినిపిస్తుంటే ఆయన కిటికీలోంచి చూస్తూ ఊఁ కొట్టాడు. షాపులో మూడు రకాలు కౌంటరు మీద పెట్టారు. ఒకటి పెద్ద చక్రం, ఒకే దిక్కుకు గిర్రున తిరిగేది. రెండోది పొడుగు చెక్కలా ఉండి ముందుకూ వెనక్కూ ఆడేది. మూడోది అరచేతిలో ఇమిడేది, చక్రం తిరుగుతూనే కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊగేది. నా మనసు మొదటి దాని మీదే పడింది. దాని జోరు చూస్తే తుప్పు రెండు రోజుల్లో పారిపోయేలా ఉంది.

"ఇయ్యి ఎంతెంత గాలి తాగుతయ్?" అని అడిగాడు బాబాయి.

"ఏ కంప్రెసరైనా సరిపోద్దండీ" అన్నాడు షాపాయన.

"నీ నోటి మాటొద్దయ్యా. డబ్బా మీద ఏం రాశారో అది చదువు."

షాపాయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. బాబాయి పొడుగుదాన్ని అక్కడికక్కడే పక్కకు జరిపేశాడు. "నా ట్యాంకు చిన్నది టీచరమ్మా. దీనికి పెడితే నిమిషంలో గాలి ఖాళీ. గాలి చాలక మిషను మూలుగుద్ది, ఆగీ ఆగీ గీతలు పెడతది. ముందు నీ కాడ గాలి ఎంతుందో చూసుకో, ఆ తర్వాతే మిషను." పెద్ద చక్రాన్ని చూపించి, "ఇది తుప్పుతో పాటు రేకునీ తింటది. అంచు కాస్త వంగిందా, బొక్కే" అన్నాడు.

నేను ఊరుకోలేదు, జాగ్రత్తగా పట్టుకుంటాను కదా అని వాదించాను. అప్పుడు ఆయన చేసిన పని చూసి షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నా జడలోంచి ఒక వెంట్రుక తీసిమ్మన్నాడు. పెద్ద మిషనుకు గాలి పెట్టించి, నూరు లెక్కపెట్టేదాకా పట్టుకోమన్నాడు. తర్వాత ఆ వెంట్రుకను కౌంటరు మీద పెట్టి, పైన పల్చటి కాగితం కప్పి, "కళ్ళు మూసుకో. వేలితో వెతుకు. వెంట్రుక యాడుందో చెప్పు" అన్నాడు. నా వేళ్ళ నిండా చీమలు పాకుతున్నాయి. ఎంత వెతికినా దొరకలేదు. కాసేపాగి, అరచేతిలో ఇమిడే మిషనుతో మళ్ళీ నూరు లెక్కపెట్టించాడు. ఈసారి వెంట్రుక వేలికి ఇట్టే తగిలింది.

"ఇదే నీది. చేతిని తినే మిషను ఎంత మంచిదైనా కొనొద్దు."

"నువ్వు కూడా ఒకసారి పట్టుకుని చూడు బాబాయ్."

"వాడేది నువ్వు కదా, నా చెయ్యెందుకు?" అని గబగబా షాపు మెట్లు దిగిపోయాడు. ఎంత గొప్ప మేస్త్రి, పాఠం ఎంత బాగా చెప్పాడు అని తిరుగు ప్రయాణం అంతా మురిసిపోయాను. వెర్రిదాన్ని.

వేసవి సెలవులన్నీ ఆ పనిలోనే గడిచాయి. ప్రహరీగోడకు ఒక ఇటుక తీసి, ఆ కంతలోంచి వాళ్ళ పెరట్లో కంప్రెసరు గొట్టాన్ని మా ఇంటి వైపు లాగాం. నేను ముక్కుకు మాస్కు, నెత్తికి మా ఆయన పాత తువ్వాలు చుట్టుకుని గీకేదాన్ని. బాబాయి నీడలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. లేచి వచ్చి చూసేవాడు కాదు. వినేవాడు. మిషను మోత కాస్త మారితే చాలు, "నొక్కమాక! దాని బరువే దానికి చాలు" అని అరిచేవాడు. ట్యాంకులో గాలి తగ్గి మోత బలహీనపడితే "ఆగు" అనేవాడు. నాకు ఆగడమంటే చిరాకు. "ట్యాంకు నిండేదాకా ఉత్తగా ఉండమనటంలా. ఆ ఖాళీలోనే చేత్తో చూసుకోవాల" అనేవాడు. పిన్ని మజ్జిగ తెచ్చి ఇచ్చి, నా వాలకం చూసి పమిట అడ్డం పెట్టుకుని నవ్వేది. నా పెళ్ళయ్యాక అంత సంతోషంగా గడిచిన సెలవులు ఇంకోటి లేవు. మా ఆయన ఇది చదివితే చదవనీ.

సెలవుల ఆఖరి వారానికి డ్రైవరు తలుపు ఒక్కటే మిగిలింది. తుప్పంతా పోయి తెల్లటి రేకు తేలింది. బాబాయి లేచి వచ్చి, గుడ్డ పరిచి, కిటికీ కింది నుంచి హ్యాండిలు దాకా తడిమాడు.

"అయిపోయింది. ప్రైమరు కొట్టు" అన్నాడు. రంగుకు ముందు వేసే పూత అది.

నా చెయ్యి అంతకుముందే అక్కడ ఒక గుంట పట్టుకుంది. చిన్నదే, శనగబద్ద లోతు కూడా ఉండదు. నోరు మూసుకుని ఉండొచ్చు. పిల్లాడి పలక మీద తప్పు కనపడితే ఆగలేని నోరు ఇది. "లేదు బాబాయ్, ఇక్కడ గుంటుంది!" అన్నాను, గెలిచినదానిలా.

ఆయన మళ్ళీ తడిమాడు. ఇంకోసారి తడిమాడు. గుడ్డ తీసి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు, నన్ను ఏ పని చెయ్యొద్దన్నాడో అదే పని చేశాడు. ఉత్త రేకుకు ఉత్త అరచెయ్యి ఆనించాడు. వేళ్ళు విడదీసి, కళ్ళు మూసుకుని, నొక్కి పట్టి నిలబడ్డాడు. జూన్ వచ్చినా తగ్గని ఎండ. చెమట నుదుటి మీంచి జారి గడ్డం నుంచి కారుతోంది. గోడ అవతల కంప్రెసరు నిండి టక్కున ఆగింది.

"నాకేం తెలవటంలా అమ్మాయ్" అన్నాడు.

చెయ్యి తీసి, అది ఎవరి చెయ్యో అన్నట్టు చూసుకున్నాడు. ఆ ముఖం నేను చూడలేకపోయాను. ఏమైంది బాబాయ్ అని అడగాల్సింది. అడగలేదు. "ఎండకి రేకు కాలుతోంది కదా, నాకే పొరపాటుగా తగిలినట్టుంది. గుంటేం లేదులే" అన్నాను. పచ్చి అబద్ధం. దాన్ని నిజం చెయ్యడానికి రంగు కొట్టే గన్ను తీసుకుని ఆ తలుపు మీద గబగబా ప్రైమరు కొట్టేశాను. కొట్టేముందు రేకును థిన్నరు గుడ్డతో తుడవాలి, లేకపోతే చెమటలోని ఉప్పు లోపలే ఉండిపోతుంది. నేను తుడవలేదు. తుడవలేదని ఆయన చూశాడు. బకెట్టు నీళ్ళు గుమ్మరించిన మనిషి, ఆ రోజు ఒక్క మాటా అనలేదు.

రంగు ఆరాక ఇద్దర్నీ కారెక్కించుకుని బెల్లంకొండలో పిన్ని పుట్టింటికి తీసుకెళ్ళాను. ఆయన దారంతా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తలుపు ఊసు ఇద్దరం ఎత్తలేదు. వానలు వచ్చాయి, పోయాయి. చలి మొదలవుతుండగా ఆయన వెళ్ళిపోయాడు.

కంప్రెసరు స్విచ్చి ఎవరూ ఆపలేదు. గొట్టం అతుకు దగ్గర గాలి సన్నగా కారుతుంది. ట్యాంకులో గాలి తగ్గగానే మోటారు దానంతటదే లేచి, నింపి, ఆగుతుంది. ఇది నాకు తెలుసు. తెలిసినా మూడోనాడు మధ్యాహ్నం, చుట్టాలంతా వసారాలో కూర్చుని ఉండగా పెరట్లో ఒక్కసారిగా గుడగుడమని మోత లేస్తే నా ఒళ్ళు జలదరించింది. ఎవరో ఆపడానికి లేచారు. "ఉండనీండి. ఆయన ఉన్నప్పుడూ అట్టనే మోగేది" అంది పిన్ని. ఆ తర్వాత రోజూ మోగింది. ఇంట్లో కూరగాయలు తరుగుతున్నా, పేపర్లు దిద్దుతున్నా అది లేచినప్పుడల్లా నా కళ్ళు గోడకంతలోకే పోయేవి. "నొక్కమాక" అని వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించేదాన్ని.

పెద్దకర్మ నాడు చుట్టాలను బస్టాండు నుంచి తేవాలని పొద్దున్నే కారు కడిగాను. ఏటవాలు ఎండ డ్రైవరు తలుపు మీద పడింది. ఎవరో పిల్లలు మురికి చేత్తో ముట్టుకున్నట్టుంటే తుడిచాను. పోలేదు. గుడ్డ కింద గరగరలాడింది. వంగి చూశాను. రంగు కింద సన్నటి పొక్కులు, ఒకదాని పక్కన ఒకటి. అరచెయ్యి. విడదీసిన అయిదు వేళ్ళు. ఉంగరం వేలు పొట్టిగా, కణుపు దగ్గర ఆగిపోయి ఉంది.

అమ్మో అని వెనక్కి జరిగాను. ఉప్పు, చెమ్మ, ఇనుము. ఎనిమిదో తరగతి పాఠం. సైన్సు మేడం అడిగితే నేనే చెప్పగలను. అయినా ఆ రోజు బస్టాండుకు ఆటో పంపించాను.

ఆ తర్వాత కారు పెద్దగా తియ్యలేదు. తీసినా అవతలి తలుపులోంచి ఎక్కి, గేరు రాడ్డు మీంచి ఇవతలికి జరిగేదాన్ని. మా ఆయన చూసి "మోకాళ్ళ నొప్పికి కొత్త వ్యాయామమా?" అన్నాడు. చెప్పలేకపోయాను. పోయిన మనిషి రోజురోజుకీ మసకబారతాడంటారు. ఈయన తేటపడుతున్నాడు. పొక్కులు చిట్లి ఎర్రటి తుప్పు కనిపించడం మొదలైంది. అలాగే వదిలేస్తే తలుపు బొక్కలు పడుతుంది. గీకేస్తే ఆయన చెయ్యి పోతుంది. గీకక తప్పదని తెలుసు, మిషను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నా వల్ల కాలేదు. పైగా అది ఉత్త చెయ్యి కాదు. ఆయన ముఖం మీద నేను చెప్పిన అబద్ధం కూడా అందులో ఉంది.

చివరికి పోయిన ఆదివారం పిన్నిని పిలుచుకొచ్చి చూపించాను. జరిగిందంతా చెప్పాను. ఆమె చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"మూడేళ్ళయింది ఆ చేతులకు స్పర్శ పోయి" అంది. "షెడ్డు ఎందుకు మూశాడనుకున్నావ్? బేరాలు లేకనా? మిషన్ల అదురుకి నరాలు చచ్చినయ్యన్నాడు డాక్టరు. టీ గ్లాసు కాలినా తెలిసేది కాదు. చొక్కా బొత్తాలు నేనే పెట్టేదాన్ని. ఎవరికన్నా చెబితే మేస్త్రి కాదంటారని నా చేత ఒట్టేయించుకున్నాడు."

వేరుశనక్కాయలు గుర్తొచ్చాయి. కౌంటరు మీద వెంట్రుక గుర్తొచ్చింది. పాఠం చెబుతున్నాడనుకున్నాను. తనకు లేని చేతిని నాలో వెతుక్కుంటున్నాడు.

"గుంట లేదని అబద్ధం చెప్పా పిన్నీ."

"తెలుసు. ఆ సాయంత్రమే చెప్పాడు. గుంట ఉందే, ఆ పిల్ల చెయ్యి పట్టేసింది, నా కోసరం లేదంది అని నవ్వాడు." పిన్ని పమిటతో ముక్కు తుడుచుకుంది. "నవ్వాడు గానీ అన్నం తినలా."

పిన్ని తన చెయ్యి చాచి ఆ తుప్పు చేతి మీద పెట్టింది. ఆయన వేళ్ళు ఆమె వేళ్ళను దాటి కనిపించాయి, ఒక్క ఉంగరం వేలు తప్ప. కాసేపుంచి తీసేసింది.

"తియ్యి ఇంక. ఊళ్ళో వాళ్ళ తుప్పంతా గీకిన మనిషి. తన చెయ్యే తుప్పయి కూర్చుంటే ఊరుకుంటాడా?" అని తనే వెళ్ళి కంప్రెసరు గాలి విప్పింది.

మాస్కు కట్టుకున్నాను. అరచేతిలో ఇమిడే ఆ మిషను బొటనవేలు దగ్గర మొదలుపెట్టాను. నొక్కలేదు. ఎర్రటి పొడి నా పాదాల మీద రాలింది. మోత బలహీనపడగానే ఆగాను. నిండాక మళ్ళీ. అరచెయ్యి పోయింది, వేళ్ళు పోయాయి, పొట్టి వేలు చివర్న పోయింది. తెల్లటి రేకు తేలింది. థిన్నరుతో రెండుసార్లు తుడిచాను. కంటికి ఇక ఏమీ లేదు. పిన్ని లోపలికి వెళ్ళి ఆయన చొక్కా జేబులోని వాయిలు గుడ్డ తెచ్చి నా చేతికిచ్చింది.

పరిచి, కళ్ళు మూసుకుని తడిమాను. ముందు ఆ గుంట తగిలింది, నేను లేదన్న గుంట. దాని చుట్టూ తుప్పు తిన్న సన్నటి గరుకు, ఇసక రేణువులంత. వేలితో దాని వెంట వెళ్ళాను. పైకి పోయి ఆగింది. పక్కది కూడా పోయి ఆగింది. మూడోది మిగతా వాటికంటే ముందే ఆగిపోయింది.

గోడ అవతల కంప్రెసరు నిండి టక్కున ఆగింది. నేను చెయ్యి తియ్యలేదు.